ఎర్రమెడ పురుగులు

ఆదివారం సాయంత్రం, కాలవ నీళ్లు పంచే నీరుగంటి ఇషేనాలి ఇంటి ముందు చెక్క అరుగు మీద పదిహేడుమంది రైతులు కూర్చుని సగిన్‌కి నీళ్లు ఆపేశారు. పెద్ద గొడవేమీ జరగలేదు. టీ రెండోసారి పోసేలోపే తేలిపోయింది. బంగాళాదుంప పూతకొచ్చే రోజులు. చారల పురుగు మడుల్లో పడి ఆకుల్ని జల్లెడ చేస్తున్న రోజులు. ఎవరికి వాళ్లకి ఎవరిమీదో ఒకరిమీద కోపంగానే ఉంది. ఆ కోపానికి దారి చూపించింది బాత్మా.

"పురుగు ఎక్కణ్ణుంచొస్తోందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారేం? సగిన్ గట్టు చూడండి. మాచిపత్రి నడుం దాకా, ముళ్లు మోకాళ్ల దాకా. అందులో గొర్రె తప్పిపోతే వచ్చే ఏడు పిల్లల్ని వెంటేసుకుని బయటికొస్తుంది" అంది.

అరుగంతా నవ్వింది. ఇషేనాలి తెల్లటోపీ వెనక్కి తోసుకుని మరీ నవ్వాడు. సగిన్ కూడా నవ్వాడు, చేతిలో టీ గిన్నెలోకి చూసుకుంటూ.

నవ్వు ఆగేసరికి తీర్మానం కూడా అయిపోయింది. సగిన్ మడికి వెళ్లాల్సిన వంతు నీళ్లు ఈ వారం కింది మడికి పోతాయి. గట్టు బాగుచేసుకుంటే మళ్లీ వస్తాయి. చేసుకోకపోతే శుక్రవారం పొద్దున నలుగురు వెళ్లి కోసి, పెట్రోలు చల్లి, వేళ్లతో సహా కాల్చేస్తారు.

"ఏం సగిన్, నీకు సమ్మతమేగా?" అన్నాడు ఇషేనాలి.

"పెద్దలు కూర్చుని అనుకున్నాక నాదేముంది" అన్నాడు సగిన్. లేవబోతే ఎడమకాలు పట్టేసింది. కొండమీది పచ్చికబయళ్లలో గుర్రం మీదనుంచి పడ్డ కాలు అది. గోడ పట్టుకుని, ఆ కాలు చేత్తో ముందుకి జరుపుకుని లేచాడు. అందరూ అటు చూడనట్టు తమ బూట్లు వెతుక్కున్నారు.

బాత్మాకి యాభైతొమ్మిది. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను ఎజె అనే పిలుస్తారు. అన్నని బైకె, అక్కని ఎజె అంటారు ఆ ఊళ్లో. ఆమెకి అక్క అన్నది వరస కాదు, హోదా. ఎవరి దూడ ఎవరి చేలో పడ్డా, ఎవరి కోడలు ఎవరికి ఎదురుచెప్పినా ముందు ఆమె నోరు లేవాలి, తరవాతే మిగతావాళ్లవి. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో ఇద్దరు ఆమె గొర్రె మాట మళ్లీ చెప్పుకుని నవ్వుకున్నారు. వినపడింది. మనసుకి హాయిగానే ఉంది.

సోమవారమంతా బాత్మా తన చేలో రోడ్డు వైపు సాళ్లలో పురుగు ఏరింది. పాత పాలపొడి డబ్బాలో సబ్బునీళ్లు, రెండో చేతికి కోడలి పాత తోలు తొడుగు. మొక్కని ఓ పక్కకి వంచడం, ఆకు తిరగేయడం, అడుగున నారింజరంగు గుడ్లుంటే వేళ్ల మధ్య నలిపేయడం, ఇటుకరంగు పిల్లపురుగులుంటే డబ్బాలోకి దులపడం. పచ్చటి జిగురు వేళ్లకంటుకుని ఎండి, గీకితేగాని పోదు. పొద్దుగూకేసరికి డబ్బా అడుగు కనబడలేదు. నడుం నొప్పెట్టినప్పుడల్లా తలెత్తి, కాలవ అవతల సగిన్ గట్టుమీద గాలికి ఊగుతున్న మాచిపత్రిని చూసి, "మీ పుట్టింటికి శుక్రవారం చిచ్చు పెడతారే" అని డబ్బాలో పురుగులతో అంది.

మంగళవారం గట్టు వైపు సాళ్లలోకి వచ్చింది. అసలు పని ఇక్కడే ఉంటుందని రెండు డబ్బాలు తెచ్చుకుంది. మొదటి మొక్క వంచింది. ఆకు తిరగేసింది. ఏం లేదు. రెండోది చూసింది. లేదు. పదో మొక్క దగ్గర గుడ్లు కనబడ్డాయిగాని, నలపబోతే వేలికి తడి తగల్లేదు. అన్నీ ఉత్త పెంకులు, ఎవరో పీల్చేసి వదిలేసినట్టు. ఆకులు నిండుగా, చిల్లు లేకుండా ఉన్నాయి. రోడ్డు వైపు మొక్కలు ఈనెలు తేలి ఏడుస్తుంటే ఇవి పెళ్లివారింటి పిల్లల్లా ఉన్నాయి.

ఒక సాలు మొత్తం అయింది. డబ్బాలో తొమ్మిది పురుగులు తేలుతున్నాయి. రెండో సాల్లో పదకొండు. బాత్మా మోకాళ్లమీద కూర్చుండిపోయింది.

అప్పుడు కనబడింది అది. ఆకుమీద, గోధుమగింజంత. వీపు పావురం మెడలా నీలమో ఆకుపచ్చో తేల్చుకోలేకుండా మెరుస్తోంది. తల నల్లన. తలకీ వీపుకీ మధ్య మెడ మాత్రం మిరపపండు రంగు. వీపుమీది రెక్కలు చివర్న కత్తెరేసినట్టు ఆగిపోయి, పొట్ట కొస రవ్వంత బయటికి కనబడుతోంది. దీన్ని ఆమె ఏటా చూస్తూనే ఉంది. చూసినప్పుడల్లా చారల పురుగుకి చుట్టమేలే అని సబ్బునీళ్లలో పడేస్తూనే ఉంది. ఈసారి చెయ్యి ఆగింది.

పురుగు ఆకు అంచు మీద పరిగెత్తింది. నిలబడింది. మీసాలు ఆడించింది. ఆకు మడతలో అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన చారల పురుగు పిల్లలు నాలుగు గుంపుగా ఉన్నాయి. ఎర్రమెడది వాటిమీద పడి ఒకదాన్ని మెడదగ్గర పట్టుకుంది. పిల్ల మెలికలు తిరిగింది. రెండు నిమిషాల్లో తోలు మిగిలింది. ఇంకోదాన్ని పట్టుకుంది.

బాత్మా కాలవ దాటి సగిన్ గట్టెక్కింది. మాచిపత్రి కొమ్మ ఒకటి వంచింది. అక్కడ మూడున్నాయి. అడవిపుదీనా ఆకులమీద రెండు. ముళ్లమొక్క పూవు కింద ఇంకో రకం, ఎర్రటి వీపుమీద నల్లటి నాలుగుదార్ల గుర్తుతో. గట్టంతా వెతికింది. ముళ్లు గీరుకుని చేతులు రక్తం చిమ్మాయి. చారల పురుగు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

కిందికి దిగి తన చేలో గట్టునుంచి రోడ్డు వైపు సాళ్లు లెక్కబెడుతూ నడిచింది. ఎనిమిదో సాలు దాకా ఆకు చెక్కుచెదరలేదు. పన్నెండో సాలుకి చిల్లులు. ఇరవైకి జల్లెడ. పురుగు సగిన్ గట్టునుంచి రావడం లేదు. సగిన్ గట్టునుంచి వచ్చే వేటగాళ్లు ఎంతదూరం నడవగలిగితే అంతదూరం తన చేను బతికుంది.

డబ్బాలు అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చింది.

కోడలు బురుల్ బళ్లో జీవశాస్త్రం చెబుతుంది; అత్తని అమ్మ అన్నట్టే అపా అంటుంది. వంటగదిలో పిండి పిసుకుతోంది. బాత్మా గుమ్మంలో నిలబడే అడిగింది. బురుల్ మోచేతులదాకా పిండితోనే విని, "అది మంచి పురుగు అపా. నేల పెంకుపురుగుల జాతే. మిగతావి నేలమీద వేటాడితే ఇవి ఆకులెక్కి వేటాడతాయి" అంది. "దీని పిల్లలైతే ఇంకా గట్టివి. చారల పురుగు మట్టిలోకి దిగి నిద్రపోతుందా, అక్కడికే వెళ్లి పట్టుకు తింటాయి."

"ఉండడం ఎక్కడుంటాయి?"

"కలుపులో. దున్నని చోట, కొయ్యని చోట. చలికాలం కూడా అక్కడే గడ్డి మొదళ్లలో దాక్కుంటాయి. ఎందుకపా?"

"ఊరికే" అంది బాత్మా. బయటికొచ్చి, అప్పటికే ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చింది.

బుధవారం ఆమె చెయ్యి ఏ పనిమీదా నిలవలేదు. ఆవు పాలు పితుకుతూ సగంలో లేచింది. ఆవు తన్నబోయింది. ఎండబెట్టిన పెరుగు ఉండలు సంచిలోకి ఎత్తి, అవి ఇంకా పచ్చిగా ఉన్నాయని మళ్లీ బల్లమీద పరిచింది. ఎవరూ ఏమీ అనకుండానే ఆవుతో, బల్లతో, ఎదురుగా ఉన్న మంచుకొండతో వాదించింది. ఒక్క పురుగుని చూసి ఊరంతటితో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటారా? రేపు పిల్లకాకులు కూడా నవ్వవూ? కోయించుకుంటే సగిన్‌కే మంచిది, ముళ్లు పోతాయి. అయినా తీర్మానం చేసింది తనొక్కతేనా, పదిహేడుమందీ కాదూ?

"సగిన్ బైకె గట్టు శుక్రవారం కాలుస్తారటగా?" అంది బురుల్, బడికి వెళ్తూ. అడిగినట్టుగా లేదు.

"నీ బస్సు వెళ్లిపోతుంది. పో" అంది బాత్మా.

మధ్యాహ్నం నీరుగంటి దగ్గరికి వెళ్లింది. ఇషేనాలి పెద్దకాలవ తూము దగ్గర మోకాలిలోతు నీళ్లలో నిలబడి, వాచిపోయిన తలుపు చెక్కని గొడ్డలి మాడుతో కొడుతున్నాడు.

"ఇషేనాలి బైకే, ఆ సగిన్ గట్టు సంగతి. ఓ రెండు వారాలు ఆగితే పోలేదూ? గడ్డి ఇంకా ముదరలేదు. ముదిరాక కోస్తే మేతకైనా పనికొస్తుంది."

ఇషేనాలి గొడ్డలి దించాడు. "మాచిపత్రి మేతా? ఏ గొడ్డు తింటుంది ఎజే? నీ గొర్రెనా?" నవ్వాడు. "పిల్లలు పుట్టేదాకా ఆగమంటావా ఏంటి?"

బాత్మా నవ్వలేకపోయింది. "అది కాదు. కాలు బాగోలేని మనిషి..."

"ఆదివారం లేదా ఆ కాలు?" అన్నాడు ఇషేనాలి. తప్పుబట్టినట్టు కాదు, ఊరికే అన్నాడు. "చూడు, నువ్వు అన్నాకే కదా అందరికీ ధైర్యమొచ్చింది. ఇప్పుడు నువ్వే వెనక్కి లాగితే నేను ఎవరి మాట వినాలి? ఏదన్నా కారణముంటే చెప్పు. రేపే అందర్నీ పిలుస్తా."

నీళ్లు తూము కింద గుడగుడమన్నాయి. చెప్పడానికి అదే సమయం. నాలిక మీదికి వచ్చింది కూడా. వచ్చిన మాట ఇంత చిన్నదా అనిపించింది. గోధుమగింజంత పురుగు, ఎర్రటి మెడ. ఇదా కారణమని ఇషేనాలి నవ్వడం, సాయంత్రానికి ఊరంతా నవ్వడం కళ్లముందు కనబడ్డాయి.

"కారణమేముంది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నిప్పు చేలమీదికి పాకుతుందేమోనని" అంది.

"నలుగురం ఉంటాంగా. నీళ్ల డబ్బాలు పెట్టుకుంటాం" అని ఇషేనాలి మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

గురువారం కాలవ నీళ్లు బాత్మా వంతు. ఉదయం ఆరింటికి పార భుజానేసుకుని కాలవ దగ్గరికెళ్లి, తన మడి నోటికి అడ్డంగా ఉన్న పచ్చికగడ్డలు తీసి నీళ్లు మళ్లించింది. కొండల్లోంచి వచ్చిన నీళ్లు, వేళ్లు కొంకర్లు పోయేంత చల్లన. సాళ్లలో ఒకదాని తరవాత ఒకటి నాలుకలు చాపుకుంటూ పాకాయి. మట్టి బుసబుసమని తాగింది. మామూలుగా ఆ చప్పుడు ఆమెకి పాటలా ఉంటుంది. ఆ పూట చెవులకి ఎక్కలేదు. కాలవ అవతల సగిన్ మడి నెర్రెలు విచ్చి, మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి.

తన చేను సగం తడిసేదాకా ఆగింది. అటూ ఇటూ చూసింది. సగిన్ మడి నోరు పారతో తెరిచి, తన మడి నోటికి అడ్డం వేసింది. నీళ్లు అటు తిరిగాయి. గుండెలమీది బరువు కాస్త దిగినట్టయింది. ఇదే మంచి పద్ధతి అనుకుంది. నోరు మెదపకుండా, ఎవరికీ తెలియకుండా సరిచేసేయొచ్చు.

సగిన్ ఎక్కణ్ణుంచి చూశాడో, కుంటుకుంటూ వచ్చాడు. మాట్లాడకుండా పచ్చికగడ్డ ఒకటి ఎత్తి తన మడి నోటికి అడ్డం పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. బూటుతో తొక్కాడు.

"ఏంటయ్యా అది? నీళ్లు నావి, నేనే వదిలా" అంది బాత్మా.

"నీవే ఎజే. అందుకే వద్దంటున్నా."

"మొక్కలు చూడు, ఎలా చచ్చిపోతున్నాయో."

"చూస్తూనే ఉన్నా. ఆదివారం పదిహేడుమంది ముందు నాకు నీళ్లు లేవన్నారు. ఈరోజు నా మడి తడిగా కనబడితే ఏమంటారు? సోమరి సగిన్ ఇప్పుడు దొంగ సగిన్ కూడా అయ్యాడంటారు. సోమరి చాల్లే." అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకి సులువయ్యేది. "నీ నీళ్లు వృథా అవుతున్నాయి, చూసుకో" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని బాత్మా సగిన్ ఇంటికి వెళ్లింది. ఈసారి చెప్పేద్దామనే వెళ్లింది. సగిన్ లేడు. అతని భార్య షాయిర్ ఆమెను లోపలికి రమ్మంది, దుప్పటి పరిచింది, రొట్టె అందుకుని కళ్లకద్దుకుంది, టీ పోసింది. అతిథికి పోసినట్టే, గిన్నెలో సగానికి కాస్త తక్కువగా.

"ఎక్కడికెళ్లాడు?"

"పక్కూరికి. కొడవలి కొట్టించుకోవడానికో ఏమో. నాకు చెప్పలేదు." షాయిర్ గిన్నె అందించింది. "ఆదివారం నుంచీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు ఎజే. తిండీ లేదు. మా చిన్నది నిన్న బడినుంచి ఏడుస్తూ వచ్చింది. మీ ఇంట్లో గొర్రె దొరికిందా అని అడుగుతున్నారట పిల్లలు. అదేమిటో దానికి అర్థం కాలేదు. వాళ్ల నాన్నని అడిగింది."

"ఏం చెప్పాడు?"

"ఇంకా వెతుకుతున్నా అని చెప్పాడు."

బాత్మా టీ గిన్నె ఒళ్లోకి దించింది. గొంతు సవరించుకుంది. "షాయిర్, నేను అసలు ఎందుకొచ్చానంటే..." అంది. షాయిర్ తలెత్తి చూసింది. కళ్లకింద నల్లగా ఉంది. ఆ కళ్లలోకి చూస్తూ గోధుమగింజంత పురుగు సంగతి చెప్పడం కన్నా ఇంకేదైనా తేలికనిపించింది. "రొట్టె పులుపు సరిపోయిందో లేదో చూడు. కొత్త పులుపు వేశా" అంది.

షాయిర్ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుంది. మళ్లీ పోసింది. ఈసారి అంచుదాకా, తొణికేంత నిండుగా పోసి ముందు పెట్టింది. అంత నిండా పోస్తే తాగి లేవమనే. బాత్మా లేచింది.

ఇంటికి రాగానే, "రేపు పొద్దున నేను వెళ్లి చెప్పేస్తా" అంది బురుల్‌తో. బురుల్ ఏం చెబుతావనీ, ఎవరికనీ అడగలేదు. "పొద్దున్నే లేపనా?" అంది అంతే.

లేపక్కర్లేకపోయింది. కొండల వెనక తెల్లబడుతుండగానే బాత్మా బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ముందు ఇషేనాలి ఇంటికి, అక్కణ్ణుంచి మిగతా ముగ్గురి ఇళ్లకి. గడపలోంచే కేకేసి చెప్పాలి. తప్పు నాది, గట్టు జోలికి వెళ్లకండి. నవ్వితే నవ్వనీ. ఇషేనాలి వాకిట్లో అతని భార్య ఆవుని కడుతోంది. మగాళ్లు ట్రాక్టరుకి నూనె పోయించుకోవడానికెళ్లారు, అటునుంచటే చేలకెళ్తారు అంది. బాత్మా చేల వైపు తిరిగి పరుగులాంటి నడక నడిచింది.

ముందు వాసన తగిలింది. మాచిపత్రి చేదు, పుదీనా ఘాటు, పచ్చగా, ముక్కు అదిరేలా. తరవాత గట్టు కనబడింది.

గట్టు నున్నగా ఉంది. ఈ చివరనుంచి ఆ చివరిదాకా కోసిన మొక్కలు వరసలు తీరి పడున్నాయి. కొన్నిచోట్ల మంచుతడి ఇంకా ఆరలేదు. మధ్యలో ఒక రాయి మీద సగిన్ ఎడమకాలు బారచాపుకుని కూర్చున్నాడు. పొడుగుకర్ర కొడవలి ఒళ్లో ఉంది. చొక్కా వీపుకంటుకుపోయింది. ఆ ఏటవాలు గట్టుమీద ఆ కాలితో ఎన్నిసార్లు పడ్డాడోగాని రెండు మోకాళ్లూ మట్టి.

ఆమెను చూడగానే కొడవలి కర్ర ఊతం చేసుకుని లేచాడు. మొహం విప్పారింది. ఈ వారంలో అతని మొహం అలా చూడలేదు.

"చూశావా ఎజే! ఎవరూ రానక్కర్లేదు. నా గట్టు నేనే కోసుకున్నా. వెలుతురు రాకముందే మొదలెట్టా. ఇప్పుడు తోలుకురా నీ గొర్రెని, ఎక్కడ దాక్కుంటుందో చూస్తా!"

బాత్మా కాలవ గట్టుమీదే కూలబడింది. కోసిన మాచిపత్రి కొమ్మ ఒకటి చేతికి తగిలింది. దానిమీద ఎర్రమెడ పురుగు ఒకటి పైకి కిందికి, పైకి కిందికి తిరుగుతోంది. కొమ్మ అడ్డంగా పడిపోయిందని దానికి తెలియడం లేదు.

"ఏమైంది ఎజే? ఒంట్లో బాలేదా?"

ఆమె చెప్పింది. కూర్చుకొచ్చిన మాటలేవీ రాలేదు. పురుగు చూపించింది. తన చేలో సాళ్లు చూపించింది, ఎనిమిదీ, పన్నెండూ, ఇరవై. "నీ గట్టు నా చేనుని కాపాడుతోంది. నేనే దాన్ని కోయించా" అంది.

సగిన్ విన్నాడు. ముందు అర్థం కానట్టు చూశాడు. తరవాత పురుగుని చూశాడు, గట్టుని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు. అరచేతుల్లో బొబ్బలు పగిలున్నాయి.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

బాత్మా పురుగున్న కొమ్మని పక్కన పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది ఎజే?"

"మంగళవారం."

అతను రోజులు లెక్కబెడుతున్నట్టు పెదాలు కదిపాడు. "నిన్న నీళ్లు వదిలినప్పుడు తెలుసు."

"తెలుసు."

"మా ఇంటికి రొట్టె తెచ్చినప్పుడు తెలుసు."

"తెలుసు సగిన్."

"నోట్లో అంత పెద్ద మాట పెట్టుకుని రొట్టె పులుపు గురించి మాట్లాడొచ్చావు." కొడవలి నేలమీద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. "ఆదివారం నువ్వు అన్నందుకు నాకు కోపం లేదు. తెలియక అన్నావు. గట్టు బాగాలేని మాట నిజమేగా అనుకున్నా. ఈ కాలితో కొయ్యలేక వదిలేశానని చెప్పుకోడానికి సిగ్గేసి, సోమరితనమేలే అనిపించుకున్నా. కానీ మంగళవారం... మూడు రోజులు..." అటు తిరిగాడు.

ట్రాక్టరు చప్పుడైంది. ఇషేనాలి, ఇంకో ముగ్గురు దిగారు. ఒకడి చేతిలో పెట్రోలు డబ్బా.

"ఓహో! భేష్ సగిన్!" అని ఇషేనాలి దూరంనుంచే చేతులెత్తాడు. "మాకు పని తప్పించావే. ఇక అగ్గిపుల్ల ఒకటే బాకీ. పొయ్యండ్రా."

బాత్మా లేచి కోసిన గడ్డికి అడ్డంగా నిలబడింది. "ఆగండి." ఎప్పటిలా ఆ చేను, ఈ చేను మోగేలా వస్తుందనుకుంది గొంతు. చిన్నగా వచ్చింది. ట్రాక్టరు ఆపితేగాని వినబడలేదు. ఆపాక మళ్లీ చెప్పింది, మొదట్నుంచి, మంగళవారంతో సహా.

"ఎజె పురుగులతో వియ్యం కలుపుకుందిరోయ్" అన్నాడు పెట్రోలు డబ్బా మనిషి. ఎవరూ నవ్వలేదు. వాడు డబ్బా కింద పెట్టేశాడు.

"అయితే మొన్న గడ్డి ముదరలేదన్నది ఇందుకా?" అన్నాడు ఇషేనాలి.

"ఇందుకే. నువ్వు కారణం చెప్పమన్నావు కూడా. చెప్పలేదు."

ఇషేనాలి కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. వంగి, సాళ్లమధ్య ఆకులు తిరగేస్తూ నడిచాడు. రోడ్డుదాకా వెళ్లాడు. తిరిగొచ్చాడు. రావడంలో నడక నెమ్మదించింది. "నా చేలో కూడా పాతగోరీల వైపు పక్క శుభ్రంగా ఉంది. అక్కడా ఎవరూ కొయ్యరు" అన్నాడు, తనతో తానే. తరవాత బాత్మా వైపు తిరిగాడు. "మరి ఈ కోసిందాన్ని ఏం చేద్దామంటావు?"

మిగతావాళ్లు కూడా ఆమె వైపే చూశారు. అలవాటు కొద్దీ చూశారు. అలవాటు కొద్దీ ఆమె నోరు తెరిచింది కూడా. మూసేసింది.

"నన్నడక్కండి. గట్టు ఆయనది" అంది.

అందరూ సగిన్ వైపు తిరగడానికి క్షణం పట్టింది. సగిన్ వాళ్ల వైపు తిరగడానికి ఇంకాస్త పట్టింది.

"కాల్చొద్దు" అన్నాడు. "ఎక్కడిదక్కడ పడుండనివ్వండి. వేళ్లున్నాయి, మళ్లీ మొలుస్తాయి."

"సరే. నీ వంతు నీళ్లు ఇప్పుడే వదిలేస్తా పద" అన్నాడు ఇషేనాలి.

"వద్దు బైకే."

"మళ్లీ ఏంటయ్యా?"

"ఆదివారం పదిహేడుమంది కూర్చుని తీశారు. ఆదివారం మళ్లీ పదిహేడుమందీ కూర్చుని ఇవ్వండి. అంతదాకా నా మొక్కలు ఎలాగో బతుకుతాయి. బకెట్టుతో పోసుకుంటా."

ఇషేనాలి తలూపి ట్రాక్టరు వైపు తిరిగాడు. "ఆదివారం నేనే చెబుతా, అందరికీ" అంది బాత్మా. సగిన్ ఆమె వైపు చూడలేదు. వినబడనట్టే ఉన్నాడు. ట్రాక్టరు వెళ్లిపోయింది.

బాత్మా తన చేలోకి దిగి, మంగళవారం మరిచిపోయిన డబ్బాలు వెతుక్కుని, రోడ్డు వైపు సాళ్లలో పని మొదలెట్టింది. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఉండబుద్ధీ కాలేదు. చేతులు వాటంతటవే ఆకులు తిరగేస్తున్నాయి. ఎర్రమెడది కనబడితే ఆ మొక్కని వదిలేసి పక్కదానికి పోతోంది. ఎండెక్కింది. తలెత్తినప్పుడల్లా సగిన్ అక్కడే కనబడుతున్నాడు. ముందు రాయిమీద కూర్చుని ఉన్నాడు. తరవాత చూస్తే లేచి, కోసిన వరసల్లోంచి చేతికందినంత గడ్డి ఎత్తి, తన మడి అంచున మొక్కల మొదళ్లలో వేస్తున్నాడు. ప్రతి గుప్పెడూ వేసేముందు మొహం దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు.

చాలాసేపటికి కాలవ అవతలనుంచి కేక వినబడింది. పేరు లేదు, ఎజె అన్న పిలుపూ లేదు.

"వీపు ఎర్రగా ఉన్నది కూడా అదేనా? నల్లగుర్తుది?"

బాత్మా డబ్బా పట్టుకునే నిలబడింది. "అదీ వాటిలోదే. ముళ్లమొక్కల మీద ఎక్కువుంటాయి."

"ఇక్కడ నాలుగున్నాయి."

అతను వంగే ఉన్నాడు. ఆమె సాళ్లు దాటుకుంటూ కాలవ దాకా వెళ్లింది. దాటబోయి ఆగింది. ఊళ్లో ఎవరి చేలోకైనా ఆమె అడక్కుండానే నడిచెళ్తుంది. అడగడమెలాగో ఒక్క క్షణం తోచలేదు.

"రానా?" అంది.

సగిన్ చేతిలో గుప్పెడు గడ్డి జాగ్రత్తగా మొక్క మొదట్లో పెట్టాడు, చీమ కూడా నలగనట్టు.

"బూట్లు విప్పి రా" అన్నాడు, తలెత్తకుండానే. "కిందంతా ఉన్నాయి."